కోబాల్ట్ డ్రిల్ బిట్లు: సాన పట్టాక తెలిసిన సంగతి

స్టెయిన్‌లెస్ స్టీల్ రెయిలింగులు, గేట్లు చేసే మా షెడ్డులో ఎం35 రకం కోబాల్ట్ బిట్లను కొన్నేళ్లుగా వాడుతున్నాము. వాటి మీద నాకున్న మక్కువకు కారణం ఒక్కటే: వాటి గట్టిదనం పైపూత కాదు. బంగారు రంగు పూత ఉన్న బిట్టును సాన పడితే కోసే అంచు మీది పూత పోయి మామూలు హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) బిట్టే మిగులుతుంది. ఎం35లో సుమారు 5 శాతం కోబాల్ట్ ఉక్కులోనే కలిసి ఉంటుంది కనుక, ఎంత అరగదీసినా లోపలి నుంచి అదే లోహం వస్తుంది.

అయితే ఆ మెచ్చుకోలు మొన విషయంలో పూర్తిగా నిలవలేదు. బిట్టును సరైన కోణంలో పట్టి ఉంచేలా బెంచ్ గ్రైండరుకు తగిలించే ఒక సాన జిగ్ కొని, మొద్దుబారిన 8 మి.మీ. బిట్టుకు పదును పెట్టాము. అంచులు రెండూ సమానంగా వచ్చాయి, ఇనుప ప్లేటును అది చక్కగా కోసింది. అదే బిట్టు 304 రకం స్టెయిన్‌లెస్ ప్లేటు మీద మాత్రం దిగకుండా ఒకేచోట తిరుగుతూ ఉండిపోయింది. కొత్త బిట్టుకు 135 డిగ్రీల మొన మీద చీలిక, అంటే మొన నడిమిని రెండు వైపులా సన్నగా తీసిన గాడి, ఉంటుంది. ఆ జిగ్ కోణాన్ని ఇచ్చింది కానీ చీలికను ఇవ్వలేదు. పైగా బిట్టు నడిమి కండ మొన నుంచి వెనక్కి పోయేకొద్దీ మందమవుతుంది కాబట్టి, సాన పట్టిన ప్రతిసారీ మొన మధ్యనున్న అడ్డగీత వెడల్పవుతుంది, ఆ గీత కోయదు, రాస్తుంది. 304 రాపిడికి గట్టిపడే లోహం. గుంట అడుగు నున్నగా మెరిసిపోయి, ఆ తరువాత కొత్త బిట్టు పెట్టినా దిగలేదు. చివరకు ప్లేటును తిరగేసి, అవతలి వైపు నుంచి కొత్త బిట్టుతో రంధ్రం పూర్తి చేయవలసి వచ్చింది.

ఇప్పుడు జిగ్‌తో అంచులు తీశాక, మా మేస్త్రీ సానరాయి పదునైన మూలకు బిట్టును ఆనించి, ఆ అడ్డగీతను రెండు వైపులా సన్నగా తీస్తారు. ఎంతో నైపుణ్యం కావలసిన పని అది, చూస్తుంటే నాకు ఎంతో గౌరవం కలుగుతుంది. అలా తీసిన బిట్టు 450 ఆర్‌పీఎం దరిదాపుల్లో, కటింగ్ ఆయిల్‌తో, ఒత్తిడి సడలకుండా నొక్కితే 304లోనూ పొడవైన చుట్టలు తీస్తుంది.

మాకు పిల్లర్ డ్రిల్ (స్తంభానికి బిగించి ఉండే, నిటారుగా దిగే డ్రిల్) ఉంది కాబట్టి ఈ బిట్లు మాకు గిట్టుబాటయ్యాయి. నిచ్చెన మీద నిలబడి చేతి డ్రిల్లుతో పనిచేసేవారికి ఇదే మాట చెప్పలేను, ఎందుకంటే కోబాల్ట్ పెళుసుది, కాస్త పక్కకు వంగినా విరుగుతుంది. ఇనుము మాత్రమే కోసేవారికి మామూలు హెచ్‌ఎస్‌ఎస్ సరిపోతుంది. 4 మి.మీ. కన్నా సన్నని మొనలో అడ్డగీత కంటికి ఆనదు కనుక, ఆ కొలతల్లో మేము కొత్తవే కొంటున్నాము.