నహువా విద్యార్థులు రాసిన గ్రంథం తెరపైకి వచ్చిన తీరు: ఫ్లోరెంటైన్ కోడెక్స్ డిజిటల్ ప్రతిపై సమీక్ష

లాస్ ఏంజెలెస్‌లోని గెట్టీ పరిశోధన సంస్థ 2023 అక్టోబరులో ఫ్లోరెంటైన్ కోడెక్స్ అనే చేతిరాత గ్రంథం డిజిటల్ ప్రతిని ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా అందుబాటులోకి తెచ్చింది. పదహారవ శతాబ్దంలో మధ్య మెక్సికో ప్రాంతపు జీవితం గురించి ఇంతటి విస్తారమైన గ్రంథం మరొకటి లేదు కాబట్టి చరిత్రకారులకు ఇది ఎంత ఉపయోగమో వేరుగా చెప్పనక్కరలేదు. నేను దీనిని వేరే కోణం నుంచి పరిశీలించాను. ఈ గ్రంథాన్ని రాసినవారిలో, దిద్దినవారిలో ముఖ్యులు ఒక కళాశాలలో చదువుకున్న నహువా యువకులు, అంటే నహువాత్ల్ భాష మాట్లాడే మధ్య మెక్సికో మూలవాసులు. ఆ విద్యార్థులను ఈ ప్రతి మనకు ఎంత స్పష్టంగా చూపిస్తున్నది, వారి భాషను ఇప్పటికీ ఇంట్లో మాట్లాడే పిల్లల చదువుకు ఎంతవరకు పనికివస్తున్నది అనే రెండు ప్రశ్నలే నా సమీక్షకు ఆధారం. మొదటి ప్రశ్న విషయంలో ఇది గొప్పగా విజయం సాధించిందనీ, రెండవ దానిలో చేయవలసింది ఇంకా చాలా మిగిలి ఉందనీ నా అభిప్రాయం.

గ్రంథం పుట్టుక కొంత తెలిస్తేనే ఈ వెబ్‌సైటులోని సౌకర్యాల విలువ బోధపడుతుంది. 1536 జనవరి 6న ఫ్రాన్సిస్కన్ శాఖకు చెందిన క్రైస్తవ సన్యాసులు మెక్సికో నగరాన్ని ఆనుకుని ఉన్న త్లాతెలోల్కోలో శాంతా క్రూజ్ కళాశాలను ప్రారంభించి, నహువా పెద్ద కుటుంబాల పిల్లలకు లాటిను వ్యాకరణం మొదలుకొని పై చదువులు చెప్పారు. 1529లో స్పెయిన్ నుంచి వచ్చిన బెర్నార్దినో దె సహగూన్ అక్కడి గురువులలో ఒకరు. ఆయన 1558లో తెపెపుల్కో అనే ఊరికి వెళ్లి అక్కడి పెద్దలను ప్రశ్నలు అడిగినప్పుడు, వారు తమ సంప్రదాయం ప్రకారం బొమ్మలు గీసి జవాబు చెప్పారు. ఆ బొమ్మల కింద వాటి అర్థాన్ని నహువాత్ల్ భాషలో, లాటిను లిపిలో రాసినవారు కళాశాలలో చదివిన ఆయన శిష్యులే. తరువాత త్లాతెలోల్కోలోనూ మెక్సికో నగరంలోనూ ఆ పాఠాన్ని పలుమార్లు సరిచూసి, పెంచి, చివరకు 1570 దశకం ద్వితీయార్ధంలో నహువాత్ల్, స్పానిష్ భాషలు పక్కపక్కన ఉండే శుద్ధప్రతిగా తయారుచేశారు. పన్నెండు పుస్తకాలు, సుమారు 2,400 పుటలు, 2,500కు చేరువగా చిత్రాలు ఉన్న ఆ ప్రతి యూరప్‌కు తరలిపోయి ఇటలీలోని ఫ్లోరెన్స్ పాలకులైన మెదిచి వంశం చేతికి చేరింది. అది నేటికీ ఫ్లోరెన్స్‌లోని లౌరెంజియానా గ్రంథాలయంలోనే ఉంది. ఇదే కళాశాలలో 1552లో మార్తిన్ దె లా క్రూజ్ అనే నహువా వైద్యుడు చెప్పగా హువాన్ బదియానో లాటినులోకి మార్చిన మూలికల గ్రంథం శతాబ్దాల పాటు రోములో ఉండి 1990లో మెక్సికోకు తిరిగి వచ్చింది. ఫ్లోరెన్స్‌లో ఉన్న గ్రంథానికి అటువంటి తిరుగు ప్రయాణం ఇంతవరకు లేదు. కాబట్టి ఆ గ్రంథం పుట్టిన నేలమీది పాఠకులకు ఈ తెరమీది ప్రతి దాదాపు మూలప్రతి స్థానంలో నిలుస్తుంది. దానిని ఆ బరువుకు తగిన కఠినత్వంతోనే పరిశీలించాలి.

అలా పరిశీలించినప్పుడు ముందుగా మెచ్చుకోవలసినది పుటల ప్రదర్శన. పుటలో ఎడమ వరుస స్పానిష్, కుడి వరుస నహువాత్ల్. చిత్రాలు ఎక్కువగా ఎడమ వరుసలో ఉంటాయి, ఎందుకంటే స్పానిష్ పాఠం నహువాత్ల్ కంటే పొట్టిది, మిగిలిన చోటును చిత్రకారులు నింపారు. అచ్చు పుస్తకాలలో ఈ మూడింటినీ విడదీసి వేయడం వల్ల చాలాకాలం పాటు పాఠకులకు ఈ అమరిక కనిపించలేదు. ఆర్థర్ ఆండర్సన్, చార్లెస్ డిబుల్ 1950 నుంచి 1982 వరకు ప్రచురించిన ఇంగ్లీషు అనువాదం ఎంత ఘనమైన కృషి అయినా, అందులో నహువాత్ల్ పాఠం ఒక్కటే ఇంగ్లీషుతో జతపడి ఉంటుంది. డిజిటల్ ప్రతిలో పుట బొమ్మ, రెండు భాషల పాఠాల లిప్యంతరీకరణ, రెండింటికీ ఇంగ్లీషు అనువాదం ఒకే చోట దొరుకుతాయి. పుటను పెద్దది చేసి చూస్తే కలం ఒత్తిడి, సిరా పలచబడిన చోట్లు, రేఖ మలుపులు స్పష్టంగా తెలుస్తాయి. చిత్రకారుల రేఖలను ఒక్కొక్కటిగా పోల్చి చూసిన కళాచరిత్రకారిణి డయానా మగలోని ఈ గ్రంథంలో 22 మంది పనితనాన్ని గుర్తించారు. ఆ పోలికను ఇప్పుడు సాధారణ పాఠకుడు కూడా తన కళ్లతో కొంతవరకు పరీక్షించుకోగలడు.

రెండు వరుసలను కలిపి చూపడం వల్ల కలిగే ప్రయోజనం పదవ పుస్తకం 27వ అధ్యాయంలో అన్నిటికంటే బాగా తెలుస్తుంది. నహువాత్ల్ వరుసలో మనిషి శరీర భాగాల పేర్లు సుదీర్ఘంగా సాగుతుంటాయి. వాటికి ఎదురుగా స్పానిష్ వరుసలో అనువాదం ఉండదు. దాని బదులు సహగూన్ ఆ కళాశాల కథనే రాశారు. స్థానికులకు లాటిను నేర్పడం సాధ్యం కాదని మొదట నవ్విన స్పెయిన్ దేశీయులు, కొద్ది సంవత్సరాలలోనే ఆ విద్యార్థులు లాటిను అర్థం చేసుకుని, మాట్లాడి, రాయగలగడం చూసి ఆశ్చర్యపడ్డారనీ, ఆ పైన ఈ చదువు వారికి ఎందుకని వ్యతిరేకించారనీ ఆయన చెబుతారు. విద్యార్థుల సహాయం లేకుండా ఆ భాషలో తప్పులు లేని గ్రంథం రాయడం గురువులకు సాధ్యం కాదని కూడా ఆయన దాచుకోలేదు. ఒక వైపు శిష్యుల భాషా సంపద, మరొక వైపు ఆ శిష్యులను తయారుచేసిన బడి చరిత్ర. ఒకే పుటలో ఎదురెదురుగా ఉన్న ఈ రెండింటిలో ఏ ఒక్కదాన్ని చదివి ఊరుకున్నా సగం విషయం జారిపోతుంది. స్థానిక ప్రజల విద్య గురించి ఆలోచించేవారు మొదట తెరవవలసిన అధ్యాయం ఇదేనని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఆ శిష్యుల పేర్లు కూడా మనకు తెలుసు, ఎందుకంటే సహగూన్ స్వయంగా రాసి ఉంచారు. అస్కాపోత్సాల్కోకు చెందిన అంతోనియో వలేరియానో, క్వావుతిత్లాన్ వాసులైన అలోన్సో వెఖెరానో, పెద్రో దె సాన్ బ్వేనవెంతురా, త్లాతెలోల్కోకు చెందిన మార్తిన్ హకోబీతా నహువాత్ల్, స్పానిష్, లాటిను మూడూ తెలిసిన పండితులు. లేఖకులైన దియేగో దె గ్రాదో, బొనిఫాసియో మాక్సిమిలియానో, మతేయో సెవెరీనో పేర్లు కూడా ఉన్నాయి. మూలికల గురించి చెప్పిన త్లాతెలోల్కో వైద్యుల పేర్లను పదకొండవ పుస్తకంలో చదవవచ్చు. చాలాకాలం ఈ గ్రంథం సహగూన్ ఒక్కరి పేరు మీదే చలామణి అయింది. గెట్టీ ప్రతి నహువా రచయితలను, చిత్రకారులను ఆయన పక్కనే నిలబెట్టింది. ఇది కేవలం మర్యాద కోసం చేసిన పని అని నేను అనుకోను. పాఠకుడు ఏ వాక్యం ఎవరి నోటినుంచి వచ్చిందని అడగడం మొదలుపెడితే, ఆ గ్రంథాన్ని చదివే తీరు మొత్తం మారుతుంది.

చిత్రాలకు విషయ సూచక పదాలు జోడించి, వాటి ద్వారా వెతికే వీలు కల్పించడం ఈ ప్రతిలోని మరొక గొప్ప సౌకర్యం. పదహారవ శతాబ్దపు నహువాత్ల్ రాతలో ఒకే మాట పలురకాల వర్ణక్రమాలతో కనిపిస్తుంది, పైగా మాటల ముందు వెనుక ప్రత్యయాలు చేరి రూపం మారిపోతుంది. అందువల్ల పాఠంలో నేరుగా వెతకడం కొత్తవారికి కష్టం. బొమ్మల ద్వారా వెళ్లడం వారికి సులువైన మార్గం. ఉదాహరణకు, తొమ్మిదవ పుస్తకంలో ఈకలతో కళాఖండాలు చేసేవారి పనిని వరుస చిత్రాలలో చూడవచ్చు. అక్కడ జిగురు తయారుచేసే పని పిల్లలదని పాఠం చెబుతుంది, అంటే వృత్తి విద్య ఎక్కడ మొదలయ్యేదో తెలుస్తుంది. మూడవ పుస్తకం అనుబంధంలో స్పెయిన్ వారు రాకముందు నహువా సమాజంలో ఉన్న రెండు రకాల బడుల వర్ణన ఉంది. సామాన్యుల పిల్లలు ఎక్కువగా చేరే తెల్పోచ్‌కల్లిలో యుద్ధవిద్యకు, శ్రమకు ప్రాధాన్యం. పూజారులు నడిపే కల్మెకాక్‌లో ఉపవాసాలతో, జాగరణలతో కూడిన కఠిన శిక్షణ, చిత్రగ్రంథాలలో ఉన్న పాటలు, కాలగణన. స్థానికులకు చదువు బయటివారే తెచ్చారని నమ్మేవారికి ఈ అధ్యాయాలకు మించిన జవాబు లేదు.

పన్నెండవ పుస్తకాన్ని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. స్పెయిన్ దాడిని త్లాతెలోల్కో ప్రజల వైపు నుంచి చెప్పే ఈ భాగంలో చిత్రాలకు రంగులు దాదాపుగా లేవు. 1576లో చెలరేగిన మహమ్మారి మధ్య ఈ ప్రతి తయారవుతుండగా రంగులు దొరకడం ఆగిపోయిందన్నది పండితుల వివరణ. 1520లో మశూచి సోకి చాపలమీద పడి ఉన్నవారి బొమ్మ ఇందులోనిదే. ఒక రోగి పక్కన కూర్చున్న స్త్రీ నోటినుంచి మాట వెలువడుతున్నట్లు చిన్న చుట్ట గీత ఉంటుంది. మామూలు అచ్చుబొమ్మల్లో తేలికగా కన్నుదాటిపోయే ఆ గీతను ఈ వెబ్‌సైటులో దగ్గరగా చూడవచ్చు. మాట్లాడటాన్ని అలా గీతతో చూపడం స్పెయిన్ రాకకు ముందు నుంచీ ఉన్న నహువా చిత్రలేఖన పద్ధతి. సన్యాసుల బడిలో లాటిను చదువుకున్న తరం కూడా దానిని వదులుకోలేదు.

ఇక లోపాలు. ఈ ప్రతిని వాడటానికి ఇంగ్లీషు గానీ స్పానిష్ గానీ బాగా రావాలి. ఆండర్సన్, డిబుల్ అనువాదం కావాలనే పాతకాలపు ఇంగ్లీషును అనుకరించింది కాబట్టి, బడి పిల్లలకు అది మరొక అడ్డంకి. రెండు వరుసలు, అనువాదం, బొమ్మ కలిపి చూడటానికి పెద్ద తెర కావాలి. ఫోనులో చదివేవారికి ఇందులోని అసలు ప్రయోజనం చాలావరకు అందదు. అంతటి స్పష్టత గల చిత్రాలు తెరవడానికి మంచి ఇంటర్నెట్ ఉండాలనేది కూడా గ్రామీణ పాఠశాలల విషయంలో చిన్న సంగతి కాదు.

ఇంతకంటే ముఖ్యమైన లోటు భాషకు సంబంధించినది. మెక్సికో 2020 జనగణన ప్రకారం నహువాత్ల్ మాట్లాడేవారు 16 లక్షలకు పైగా ఉన్నారు. 2003 నాటి చట్టం స్థానిక భాషలన్నిటినీ జాతీయ భాషలుగా గుర్తించింది. అయితే నేటి నహువాత్ల్ ప్రాంతానికో తీరుగా ఉంటుంది, గ్రంథంలోని భాష నాలుగున్నర శతాబ్దాల నాటిది. ఇంట్లో ఆ భాష వినే పిల్ల కూడా కోడెక్స్ వాక్యాన్ని సహాయం లేకుండా చదివి అర్థం చేసుకోలేదు. పన్నెండు పుస్తకాలకూ నేటి వాడుకలోని నహువాత్ల్ వచనం ఇంకా సమకూరలేదు. అంటే తమ పూర్వులు రాసిన పాఠాన్ని చేరడానికి ఆ పిల్ల చాలాచోట్ల ఇంగ్లీషు మీదుగానో స్పానిష్ మీదుగానో రావలసి ఉంటుంది. ఇది గెట్టీ సంస్థ ఒక్కటే తీర్చగల కొరత కాదని నాకు తెలుసు, నహువా ఉపాధ్యాయులు, వారి విశ్వవిద్యాలయాలు ముందుండి నడిపించవలసిన పని ఇది. అయినా పునాది పాఠం శుద్ధంగా, వెతకడానికి వీలుగా సిద్ధమైంది కాబట్టి, దీన్ని వాయిదా వేయడానికి పాత కారణాలు ఇక చెల్లవు.

మొదలుపెట్టవలసినది ఆరవ పుస్తకంతోనని నేను సూచిస్తాను. తండ్రి కొడుకుకు, తల్లి కూతురికి చెప్పే మాటలు, కొత్త రాజుకు పెద్దలు చేసే హితబోధలు, సామెతలు, పొడుపుకథలు అన్నీ అందులో ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగాన్ని సహగూన్ 1547 ప్రాంతంలోనే సేకరించారు. తరగతి గదిలో గట్టిగా చదవడానికి, పిల్లలు ఇంటికి వెళ్లి తాతలను, అమ్మమ్మలను అడిగి పోల్చి చూసుకోవడానికి ఈ పుస్తకం అన్నిటికంటే అనువైనది. దీనిలోని ఒక్కొక్క ప్రసంగానికి రెండు మూడు ప్రాంతాల నేటి నహువాత్ల్‌లో వచనం, దానితో పాటు ఆ ప్రాంతాల వారి గొంతుతో చదివిన ధ్వనిముద్రణ చేర్చితే, ఉపాధ్యాయులు ఆ పుటలను ఉన్నపళంగా పాఠంగా వాడుకోగలరు.