ఐఫ్‌ఎర్రర్, ఐఫ్‌ఎన్ఏ, ఎక్స్‌లుకప్: ధర దొరకనప్పుడు ఏది మేలు?

కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లి రావడం మొదలైతే మా కమీషన్ దుకాణంలో రోజూ రెండు ఎక్సెల్ షీట్లు నడుస్తాయి. ఒకదానిలో లాటు నంబరు, రైతు పేరు, సంచులు, తూకం ఉంటాయి. రెండోదానిలో వేలంలో ఒక్కో లాటుకు పలికిన ధర ఉంటుంది. లాటు నంబరును బట్టి ఆ ధరను మొదటి షీటులోకి తెచ్చేది విలుకప్ (VLOOKUP) అనే ఫార్ములా. దాని మీదే తక్‌పట్టీ, అంటే రైతుకిచ్చే అమ్మకం లెక్క చీటీ, తయారవుతుంది, రైతు చేతికి డబ్బు వెళుతుంది. అందుకే విలుకప్‌కు ధర దొరకనప్పుడు గడిలో ఏం కనబడాలన్నది నాకు చిన్న విషయం కాదు.

ఏమీ చేయకుండా వదిలేస్తే #ఎన్/ఏ (#N/A), అంటే దొరకలేదు అని వస్తుంది. ఒక్క గడిలో వచ్చినా చాలు, కింద కూడిక మొత్తం #ఎన్/ఏ అయిపోతుంది. అది చూడలేక చాలామంది ఫార్ములా చుట్టూ, ఏ తప్పునైనా పట్టే ఐఫ్‌ఎర్రర్ (IFERROR) తొడిగి, తప్పు వస్తే సున్నా వేయమంటారు. మేమూ అదే చేశాం.

ఒక సాయంత్రం కోడుమూరు వైపు నుంచి వచ్చిన రైతు తన తక్‌పట్టీ అడిగాడు. 417వ లాటు, 38 సంచులు. షీటులో అతని వరుసలో ధర సున్నా, సొమ్ము సున్నా. కింద మొత్తం మాత్రం చక్కగా వచ్చింది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ధరల షీటు తెరిచి చూస్తే 417 అక్కడే ఉంది. దగ్గరగా చూస్తే మిగతా నంబర్లన్నీ గడిలో కుడివైపుకు ఆని ఉన్నాయి, ఇదొక్కటే ఎడమవైపు ఉంది. మూలన చిన్న ఆకుపచ్చ త్రికోణం. ఫోనులో వచ్చిన జాబితా నుంచి కాపీ చేసి అతికించడంతో అది అంకెగా కాక అక్షరాలుగా పడింది. కంటికి రెండూ 417లే, ఎక్సెల్‌కు కావు. దొరకలేదని విలుకప్ సరిగ్గానే చెప్పింది. దాని నోరు మూసి సున్నా రాసుకున్నది మేమే. లెక్క తేలేదాకా ఆ మనిషి దుకాణం అరుగు మీద కూర్చునే ఉన్నాడు.

సున్నా బదులు ఖాళీ పెట్టుకుంటే? అదీ చేసి చూశాం. వేలం కాకముందు గడులన్నీ ఎలాగూ ఖాళీగానే ఉంటాయి. ఒకరోజు ధరల షీటులో ‘రకం’ అనే కాలమ్ అక్కర్లేదని ఎవరో తీసేశారు. ఫార్ములాలో ఐదో కాలమ్ అని రాసి ఉంది, మిగిలింది నాలుగే. ఆ కాలమ్ లేదని చెప్పే #రెఫ్! (#REF!) రావాలి. ఐఫ్‌ఎర్రర్ దాన్ని కూడా ఖాళీ చేసేసింది. వేలం ఆలస్యమైందనుకుని మధ్యాహ్నం దాకా ఎదురుచూశాం.

ఐఫ్‌ఎన్ఏ (IFNA) మేలు అనడానికి కారణం ఇదే. దొరకలేదన్న ఒక్క తప్పునే అది పట్టుకుంటుంది. కాలమ్ పోయినా, ఫార్ములా పేరు తప్పు కొట్టినా ఆ తప్పును తెర మీదే ఉంచుతుంది. ఎక్సెల్ 2013 నుంచి ఇది ఉంది. అంతకంటే పాతదైతే ఇఫ్ (IF)లో, దొరకలేదా అని చూసే ఐఎస్ఎన్ఏ (ISNA) పెట్టి విలుకప్‌ను రెండుసార్లు రాయాలి. పొడవైనా అదే నయం. అయితే ఐఫ్‌ఎన్ఏలోనూ సున్నా వేస్తే 417 కథ మళ్లీ మొదటికొస్తుంది. అందులో ‘ధర రాలేదు’ అని మాటల్లోనే రాయించండి. సొమ్ము గడిలో మాత్రం, ధర అంకె అయితేనే తూకంతో గుణించమని ఐఎస్‌నంబర్‌తో షరతు పెట్టాలి. లేదంటే మాటను గుణించలేక అక్కడ #వాల్యూ! (#VALUE!) తప్పు వస్తుంది.

విలుకప్ బదులు వాడే కొత్త ఫార్ములా ఎక్స్‌లుకప్ (XLOOKUP) అన్నిటికన్నా మేలు. దొరకకపోతే ఏం చూపాలో దాని నాలుగో స్థానంలోనే రాయవచ్చు, పైన ఇంకో తొడుగు అక్కర్లేదు. కాలమ్‌ను వరుస సంఖ్యతో కాక నేరుగా చూపిస్తాం కాబట్టి పక్క కాలమ్ తీసేసినా చెదరదు. అంతకంటే పెద్ద మేలు ఇంకొకటి. విలుకప్‌లో చివర, కచ్చితంగా అదే నంబరు కావాలని చెప్పే ఫాల్స్ (FALSE) రాయడం మరిచిపోతే, నంబర్లు వరుసగా ఉన్న జాబితాలో 418 లేనప్పుడు 417 ధరను తెచ్చి పెడుతుంది. తప్పు అన్న గుర్తే ఉండదు, కాబట్టి ఐఫ్‌ఎర్రర్, ఐఫ్‌ఎన్ఏ రెండూ దాన్ని పట్టలేవు. ఒక రైతు ధర ఇంకో రైతుకు పడటం కన్నా #ఎన్/ఏ వెయ్యి రెట్లు నయం. ఎక్స్‌లుకప్ అడగకుండానే కచ్చితమైన జోడీనే వెతుకుతుంది. చిక్కల్లా ఎక్సెల్ 2021 లేదా ఆ తర్వాతది, లేదంటే మైక్రోసాఫ్ట్ 365 ఉండాలి. గూగుల్ షీట్స్‌లో ఉచితంగానే దొరుకుతుంది.

దుకాణంలోని కంప్యూటర్ పాతది, అక్కడ ఐఫ్‌ఎన్ఏనే వాడుతున్నాం. మొత్తం పక్కన కౌంట్‌ఇఫ్‌తో ఒక గడి పెట్టాం, ‘ధర రాలేదు’ అన్న లాట్లు ఎన్నో అది లెక్కిస్తుంది. నిన్న సాయంత్రం అందులో 3 ఉంది. ఆ మూడు లాట్ల చీటీలు వెతికి సరిచేశాకే తక్‌పట్టీలు ప్రింటు తీశాం.