అరవై దాటాక అరకు: రైల్లో ఎక్కి, కార్లో దిగి

విశాఖపట్నంలో అరకు అనగానే ఎవరైనా ముందుగా చూపించేది ఒకరోజు ప్యాకేజీ. పొద్దున్నే రైలెక్కించి, అరకులో దిగగానే బస్సులో రెండు మూడు చోట్లు తిప్పి, భోజనం పెట్టి, తిరుగు దారిలో బొర్రా గుహలు చూపించి రాత్రికి ఊళ్లో దింపుతారు. పాతికేళ్ల వాళ్లకి అది సరిపోతుంది. అరవై దాటిన వాళ్లకి మాత్రం అందులో రెండు తప్పులున్నాయి. మోకాళ్లకి అన్నిటికంటే కష్టమైన బొర్రా మెట్లు, ఒళ్లు అలిసిపోయి కడుపు నిండిన వేళకి వస్తాయి. ఇక అరకులో నిజంగా బావుండేవి ఉదయం నడకలు. ఆ వేళకి ప్యాకేజీ వాళ్లు ఇంకా రైల్లోనే ఉంటారు.

అందుకే ఈ యాత్రకి కనీసం నాలుగు రాత్రులు పెట్టుకోండి: వెళ్లేటప్పుడు విశాఖలో ఒకటి, అరకులో రెండు, తిరిగొచ్చాక విశాఖలో మరొకటి. చూసే చోట్లు తగ్గించుకున్నా ఫరవాలేదు, రాత్రులు తగ్గించకండి.

హైదరాబాద్ వైపు నుంచి వచ్చేవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు ఒకటుంది. రాత్రి రైల్లో తెల్లవారేసరికి విశాఖలో దిగి, అదే స్టేషన్‌లో ఏడు లోపే బయల్దేరే కిరండూల్ పాసింజర్ అందుకోవాలని చూస్తారు. వచ్చే రైలు గంట ఆలస్యమైతే అరకు టికెట్ పోయినట్టే. అందినా, నిద్రలేని ఒంటితో, మందులు వేళ తప్పి, కొండెక్కాల్సి వస్తుంది. పగటి రైల్లో వచ్చి సాయంత్రం ఆర్కే బీచ్‌లో ఒక గంట నడిచి పడుకోవడం మేలు. రిజర్వేషన్‌లో అరవై నిండిన మగవాళ్లకి, నలభై ఐదు నిండిన ఆడవాళ్లకి లోయర్ బెర్త్ కోటా ఉంది. అయితే ఆ కోటా ఒకరికో ఇద్దరికో తీసే టికెట్‌కే వర్తిస్తుంది. నలుగురు కలిసి ఒకే టికెట్ తీస్తే దక్కదు కాబట్టి ఇద్దరిద్దరుగా తీయండి. రైలు ఛార్జీలో వయోవృద్ధుల రాయితీని 2020 మార్చిలో ఆపేశారు, దాన్ని లెక్కలో వేసుకోకండి. ఏపీ ఆర్టీసీ బస్సుల్లో అరవై దాటిన వాళ్లకి 25 శాతం రాయితీ ఉంది, వయసు చూపించే గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోండి.

కొండెక్కడానికి రైలే మంచిది. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి చేర్చడానికి వేసిన లైను ఇది. కొత్తవలస నుంచి కిరండూల్ వరకు 58 సొరంగాలు. సముద్రమట్టం దగ్గర మొదలై అరకుకి ముందు వచ్చే శిమిలిగూడలో 996 మీటర్ల ఎత్తుకి చేరుతుంది. ఇంత ఎక్కినా కుదుపు ఉండదు, కడుపులో తిప్పదు, టాయిలెట్ పెట్టెలోనే ఉంటుంది. సుమారు నాలుగు గంటలు. అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టె 2017 నుంచి ఈ మార్గంలో నడుస్తోంది, 44 సీట్లు, సీటు ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. నవంబరు, డిసెంబరు వారాంతాలకి సీట్లు త్వరగా అయిపోతాయి, 60 రోజుల ముందు బుకింగ్ తెరవగానే తీసుకోవాలి. అది దొరక్కపోతే మామూలు రిజర్వుడు పెట్టెలో కిటికీ సీటు కూడా బాగానే ఉంటుంది. ఎండ నేరుగా తల మీద పడదు కాబట్టి కొందరికి అదే హాయి. వానాకాలంలో ఘాట్‌లో కొండచరియలు పడి రైళ్లు రద్దవుతుంటాయి, జులై నుంచి సెప్టెంబరు దాకా ఈ యాత్ర పెట్టుకోవద్దు.

దారిలో బొర్రా గుహలు స్టేషన్ వస్తుంది. అక్కడ దిగి గుహలు చూసి, కారు మాట్లాడుకుని అరకు వెళ్లాలనిపిస్తుంది. సామానుతో ఉన్న పెద్దవాళ్లు అలా దిగకండి. స్టేషన్ నుంచి గుహల దాకా సామాను మోయాలి, మెట్లు దిగి ఎక్కేంతసేపు దాన్ని ఎవరికో అప్పగించాలి. సీదా అరకు వెళ్లిపోండి, బొర్రాని తిరుగు దారికి ఉంచండి.

అరకులో బస విషయంలో ఫొటోలు చూసి నిర్ణయించుకోవద్దు, ఫోన్ చేసి అడగండి. గది కింది అంతస్తులో ఉందా, వెస్టర్న్ కమోడ్ ఉందా, గది నుంచి భోజనాల హాలుకి ఎన్ని మెట్లు, గీజరు కరెంటుదా సోలారుదా, కరెంటు పోతే జనరేటరుకి గీజరు కలిపారా. చివరి రెండు ప్రశ్నలూ చాలామంది అడగరు. మంచు దిగిన రోజుల్లో సోలారు నీళ్లు ఉదయానికి గోరువెచ్చగా కూడా ఉండవు, చన్నీళ్ల స్నానం బీపీ ఉన్నవాళ్లకి మంచిది కాదు. పర్యాటక శాఖ హరిత వసతుల్లో మయూరి గిరిజన మ్యూజియానికి దగ్గర, సాయంత్రం ఆటో లేకుండానే నడిచి వెళ్లి రావచ్చు. అనంతగిరి హరిత కాఫీ తోటల మధ్య ఉంది, చూపుకి అరకు కన్నా అందంగా ఉంటుంది. కానీ అది కొండవాలు, కాటేజీ ఎంచుకునేటప్పుడు మెట్ల సంగతి గట్టిగా అడగాలి. ఈ మధ్య బాగా పెరిగిన గుడారాల క్యాంపుల జోలికి వెళ్లకండి. నేలమీద పరుపు మీంచి లేవడం, రాత్రి రెండుసార్లు చీకట్లో టాయిలెట్‌కి నడవడం, పడిపోవడానికి అంతకంటే దగ్గర దారి లేదు.

ఇక నడకలు. శీతకాలంలో ఇక్కడ తెల్లవారుజాము చలి ఎక్కువ. ఊళ్లో ఐదింటికి నడిచే అలవాటున్నా ఇక్కడ ఏడు, ఏడున్నరకి, ఎండ పడ్డాకే బయల్దేరాలి. గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్లు చెవులు, ముక్కు కప్పుకుని నడవాలి. నవంబరులో, డిసెంబరు మొదట్లో వలిసె పూలు విరబూసి చేలన్నీ పచ్చగా పసుపు రాసినట్టుంటాయి. వాటిని చూడటానికి ప్రత్యేకంగా ఎక్కడికీ వెళ్లక్కర్లేదు, ఊరు దాటి ఏ దారిన నడిచినా కనిపిస్తాయి. రోడ్డుకి ఫుట్‌పాత్ లేదు, ఎదురొచ్చే బండి కనిపించేలా కుడిపక్కనే నడవండి. చేలోకి దిగి ఫొటో తీసుకోవాలంటే రైతుని అడగండి. అది వాళ్ల నూనెగింజల పంట, తొక్కితే గింజ పోతుంది.

పద్మాపురం తోట చదునైన నడకకి చాలా బావుంటుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైనికులకి కూరగాయలు పండించడానికి మొదలైన తోట. పొద్దున తెరవగానే వెళ్తే జనం ఉండరు, మధ్యమధ్య కూర్చోవచ్చు, లోపల చిన్న రైలు కూడా ఉంది. గిరిజన మ్యూజియం, పక్కనే ఉన్న కాఫీ మ్యూజియం కలిపి ఒక సాయంత్రానికి సరిపోతాయి. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొనేటప్పుడు చికోరీ కలిపారో లేదో ప్యాకెట్ మీద చూసుకోండి. నిద్ర పట్టనివాళ్లు సాయంత్రం కప్పు మానెయ్యండి. వెదురు గొట్టంలో కాల్చే బొంగు చికెన్ రుచి చూడాలంటే మధ్యాహ్నమే తినండి, నూనె లేకపోయినా కారం, ఉప్పు గట్టిగానే ఉంటాయి.

బండల మీంచి వాగు పారే చాపరాయి దగ్గర నీళ్లలోకి దిగకండి. పాచి పట్టిన బండ మీద కాలు జారితే తుంటి ఎముకకే దెబ్బ. ఒడ్డున కూర్చుని చూడటానికైతే వెళ్లొచ్చు. కటికి జలపాతం వదిలేయండి. జీపు కుదుపుకి నడుము పడుతుంది, ఆ పైన రాళ్ల మీద నడక ఉంటుంది.

అరకులో మూడో రోజు ఉదయం కార్లో కొండ దిగుదాం. కారు మాట్లాడేటప్పుడు డ్రైవర్ బత్తా, ఘాట్‌లో ఏసీ, పార్కింగ్, దారిలో ఆగే చోట్లు అన్నీ ముందే తేల్చుకోండి. మలుపుల్లో వాంతులయ్యేవాళ్లు ముందు సీట్లో కూర్చుని దూరంగా రోడ్డునే చూడాలి, ఫోన్ చూడకూడదు. వాంతుల మాత్ర వేసుకునే ముందు డాక్టర్ని తప్పకుండా అడగండి. వాటిలో కొన్ని మత్తు తెస్తాయి, ప్రోస్టేట్ సమస్య ఉన్న మగవాళ్లకి మూత్రం ఆగిపోయేలా చేస్తాయి, కొన్ని రకాల గ్లకోమాకి కూడా మంచివి కావు. గాలికొండ వ్యూపాయింట్ రోడ్డు పక్కనే, కారు దిగితే చాలు. అనంతగిరి దగ్గర సిల్వర్ ఓక్ చెట్ల నీడన, మిరియాల తీగల కింద కాఫీ మొక్కల మధ్య పావుగంట నడవండి.

బొర్రాకి తెరిచే వేళకే చేరాలి, వారం మధ్య రోజైతే ఇంకా మంచిది. మామూలు కొండ మొదట ఎక్కిస్తుంది, అలిసిపోతే వెనక్కి దిగొచ్చు. గుహ అలా కాదు. మొదట దింపుతుంది, ఎక్కడం చివర్న మిగులుతుంది. కాబట్టి లోపలికి దిగుతూ పోతున్నప్పుడే, తిరిగి ఎక్కే ఓపిక ఉందా అని ఆగి ఆలోచించుకోవాలి. మొదటి పెద్ద గది దగ్గరే ఆగినా గుహ గొప్పతనం కనిపిస్తుంది. నిటారు మెట్లెక్కి చూడాల్సిన శివలింగం దగ్గరికి మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు వెళ్లక్కర్లేదు.

అక్కడ పడిపోవడానికి కారణాలు మూడు. వయసు మీద పడ్డాక కళ్లు చీకటికి నెమ్మదిగా అలవాటు పడతాయి. గుహ నోటి దగ్గర రెండు మూడు నిమిషాలు నిలబడి అప్పుడు కదలండి. రెండోది కళ్లద్దాలు. బైఫోకల్, ప్రోగ్రెసివ్ అద్దాల కింది భాగం చదవడానికి చేసినది, దాంట్లోంచి మెట్టు మసగ్గా, దూరం తప్పుగా కనిపిస్తుంది. దూరపు చూపు అద్దాలు విడిగా ఉంటే అవి పెట్టుకోండి, లేకపోతే గడ్డం బాగా కిందికి వంచి పై భాగంలోంచి మెట్టు చూడండి. మూడోది తడి. పైనుంచి నీళ్లు కారుతూనే ఉంటాయి, అరిగిన చెప్పులు పనికిరావు. చేతికర్ర కింది రబ్బరు బుష్ అరిగి నునుపైతే కర్రే జారుతుంది. ఇంటి దగ్గరే కొత్తది వేయించుకోండి. నిటారుగా నిలబడి చెయ్యి వదిలేస్తే కర్ర పిడి మణికట్టు దగ్గరికి రావాలి. నొప్పి ఉన్న మోకాలికి అవతలి చేత్తో పట్టుకోవాలి. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. బయట కోతులుంటాయి, తినుబండారాల సంచి చేతిలో కనిపించనివ్వకండి.

నీళ్లు తాగడం మానకండి. దారిలో టాయిలెట్ దొరకదన్న భయంతో చాలామంది పెద్దవాళ్లు పొద్దుటినుంచీ గుక్కెడు తాగరు, మెట్లెక్కాక కళ్లు తిరుగుతాయి. బొర్రా దగ్గర ఒకసారి, శృంగవరపుకోట దగ్గర ఒకసారి ఆపమని డ్రైవర్‌కి ముందే చెప్పండి. నీరు పోయే బీపీ మాత్ర వేసుకునేవాళ్లు ప్రయాణం రోజు ఏ వేళకి వేసుకోవాలో డాక్టర్ని అడిగి వెళ్లండి. మందులు రెండు రోజులకి ఎక్కువే ఉంచుకుని చేతిసంచిలో పెట్టుకోండి. ఘాట్‌లో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ అందదు, గుండె నొప్పిలాంటి పెద్ద అవసరానికి విశాఖే దిక్కు, అది సుమారు మూడు గంటల దారి. ఈ మధ్యే గుండె ఆపరేషన్ అయినవాళ్లు డాక్టర్ సరేనన్నాకే బయల్దేరాలి.

విశాఖలో మిగిలిన రోజు కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియానికి వెళ్లాలనుకుంటే ఒక మాట. లోపల ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రని చిన్న ద్వారాల్లోంచి వంగి, కాలెత్తి దాటాలి. నడుము నొప్పి ఉన్నవాళ్లకి ఎదురుగా ఉన్న టీయూ-142 విమాన మ్యూజియం తేలిక. కుర్సురాకి బదులు భీమిలి రోడ్డు పట్టుకుంటే ఇంకా మంచిది. తొట్లకొండ మీదికి కారు వెళ్తుంది. 1976లో నౌకాదళం సర్వేలో బయటపడిన బౌద్ధ విహారం అది, రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల ఆ పేరు. నీడ తక్కువ, తొమ్మిది లోపే చూసేయాలి. అక్కణ్ణించి భీమిలి. బొర్రా దగ్గర మీరు చూసిన గోస్తనీ నదే ఇక్కడ సముద్రంలో కలుస్తుంది. ఒడ్డున ఇసుక గట్టిగా ఉన్న చోట, అలల గీతకి కాస్త పైన, మెత్తటి బూట్లతో అరగంట నడవండి. పొడి ఇసుకలో మడమ లోపలికి దిగిపోయి పిక్కలు పట్టేస్తాయి.