గులాబీలకు నాలుగు వానాకాలాలుగా ఒకటే పొడి: నా అనుభవం

నల్లమచ్చ తెగులుతో మచ్చ పడ్డ గులాబీ ఆకుని ఏ మందూ మళ్ళీ పచ్చగా చేయదు. ఇది తెలియక మొదటి ఏడాది తెగులు మందు పొడిని వరసగా నాలుగుసార్లు కొట్టి, మచ్చలు పోలేదని ఎరువుల దుకాణానికి వెళ్ళి గొడవపడ్డాను. దుకాణం ఆయన నవ్వి, "పాత ఆకులు కాదమ్మా, కొత్త చిగుర్లు చూడండి" అన్నాడు. నిజమే, చిగుర్లు శుభ్రంగా ఉన్నాయి.

హైదరాబాద్‌లో మా మిద్దె మీద 22 కుండీల్లో గులాబీలు. చాలావరకు కడియం నర్సరీల నుంచి వచ్చిన అంటు మొక్కలే. నేను వాడేది కార్బెండజిమ్ 12, మాంకోజెబ్ 63 శాతం కలిసిన పొడి; రెండూ శిలీంధ్రాల్ని ఆపే మందులే. లీటరు నీటికి 2 గ్రాములు. నేరుగా నీళ్ళలో వేస్తే ఉండలు కట్టి స్ప్రేయర్ మూతి మూసుకుపోతుంది. ముందు గిన్నెలో కాసిని నీళ్ళతో జావలా కలిపి, పాత చున్నీలో వడగట్టి పోస్తాను.

నల్లమచ్చ తెగులుకి ఇది బాగా పనిచేస్తుంది, కాకపోతే ముందే కొడితేనే. మాంకోజెబ్ ఆకు మీద పొరలా నిలిచి శిలీంధ్ర బీజాల్ని మొలవనివ్వదు, కార్బెండజిమ్ ఆకులోకి ఇంకుతుంది. అందుకే తొలకరికి ముందు ఒకసారి, తర్వాత పది రోజులకోసారి ఆకు అడుగున కూడా తడిసేలా కొడతాను. చిక్కల్లా ముసురు పట్టినప్పుడే. ఆకు ఆరదు, కొట్టినదీ వానకు కడుక్కుపోతుంది. ఆ వారాల్లో చూస్తూ ఊరుకోవడమే.

అయితే మెప్పంతా పొడికే ఇవ్వలేను. ఇదివరకు సాయంత్రం పైపు పట్టుకుని మొక్కలకి తలంటు పోసినట్టు నీళ్ళు కొట్టేదాన్ని. ఆకు ఏడెనిమిది గంటలు తడిగా ఉంటే చాలు, బీజాలు మొలుస్తాయి. రాత్రంతా తడిపి పెట్టి, పొద్దున మందు కొట్టడమన్నమాట! ఇప్పుడు పొద్దున్నే, మొక్క మొదలు దగ్గరే నీళ్ళు. రాలిన ఆకు ఒక్కటి కూడా కుండీలో ఉంచను. కింద జానెడు ఎత్తు వరకు ఆకులు తీసేస్తాను. మూడో ఏడాది నాలుగు కుండీలకి మందు మానేసి ఇవి మాత్రమే చేశాను. కొన్ని ఆకులు రాల్చినా పూలు ఆగలేదు. సగం మార్కులు వీటికే.

బూడిద తెగులు దగ్గర మాత్రం ఈ పొడి నన్ను నిరాశపరిచింది. సంక్రాంతి రోజుల్లో లేత చిగుర్లు తెల్లబడి ముడుచుకుపోతే రెండుసార్లు కొట్టాను, ఆగలేదు. నీళ్ళలో కరిగే గంధకం లీటరుకి 3 గ్రాములు కొడితే వారంలో అదుపయింది. మా అత్తయ్య పుల్ల మజ్జిగ కొట్టమంటుంది. బూడిద అప్పుడే మొదలైతే కొంత ఆపుతుంది, నల్లమచ్చకి మాత్రం లాభం లేదు. గంధకం ధైర్యంతో ఉగాది దాటాక మిట్టమధ్యాహ్నం కొట్టి రెండు మొక్కల ఆకులు మాడ్చుకున్నాను. ఎండ 32 డిగ్రీలు దాటితే దాని జోలికి పోకండి. వేప నూనె కొట్టిన రెండు వారాల్లోపు కూడా వద్దు.

కత్తిరించిన చోట నుంచి కొమ్మ నల్లబడి కిందికి ఎండుతూ వస్తే, పచ్చ కలప కనబడేదాకా కోసి బోర్డో పేస్టు రాస్తాను: మైలుతుత్తం 100 గ్రాములు, సున్నం 100 గ్రాములు, నీళ్ళు ఒక లీటరు. ప్లాస్టిక్ మగ్గులో కలపాలి, ఇనుపది వద్దు.

నాకు బాధ మిగిల్చింది తామర తొట్టి. మొదటి ఏడాది గాలికి తుంపర్లు పడి గప్పీ చేపలన్నీ తెల్లారేసరికి తేలాయి. ఈ మందు చేపలకి విషం. ఇప్పుడు తొట్టి మీద గోనె కప్పి గానీ స్ప్రేయర్ పట్టను. వానపాములకీ మంచిది కాదు, మట్టిలో పోయకండి. కంపోస్టులో ట్రైకోడెర్మా అనే మేలుచేసే శిలీంధ్రం కలిపినవాళ్ళు మరీ జాగ్రత్త, కార్బెండజిమ్ దాన్నీ చంపేస్తుంది. గుల్కందు కోసం పెంచే రెండు పన్నీరు గులాబీలకి అసలు కొట్టను.

నాలుగో ఏడాది ఈ పొడి పట్టు కాస్త తగ్గినట్టనిపించింది. ఒకే మందు కొడుతూ పోతే శిలీంధ్రం కార్బెండజిమ్‌కి అలవాటుపడుతుంది కాబట్టి, ఒకసారి ఇది, ఒకసారి కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే రాగి మందు మార్చి కొడుతున్నాను.

ఇక ప్యాకెట్ సంగతి. నా 22 కుండీలకి ఒక్కోసారి రెండున్నర లీటర్లు సరిపోతాయి, అంటే 5 గ్రాముల పొడి. 100 గ్రాముల ప్యాకెట్‌లో సగం వాడేసరికి వానాకాలం అయిపోతుంది, మిగతాది చెమ్మ పట్టి గడ్డకడుతుంది. 50 గ్రాములది ఎక్కడైనా దొరికితే చెప్పండి.