కూరగాయల బండికి పెట్టుబడి: డైలీ ఫైనాన్సా, డ్వాక్రా అప్పా?

డైలీ ఫైనాన్స్‌లో కాగితం మీద అప్పు 10,000. తరచూ 1,000 ముందే పట్టుకుని చేతికి 9,000 ఇస్తారు. రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలి. వడ్డీ 11 శాతమేగా అనిపిస్తుంది. కానీ అసలు రోజూ తీరుతూ వస్తుంది కదా, ఏడాది లెక్కన అది 80 శాతానికి దగ్గర. వాన పడి బండి కదలకపోయినా వంద కట్టాల్సిందే. బేరం బాగా సాగే బండ్లు కూడా ఇక్కడే దెబ్బతింటాయి: లాభం మళ్లీ సరుకులోకి రాదు.

డ్వాక్రాలో సంఘానికి 3 లక్షల దాకా 7 శాతం వడ్డీకే బ్యాంకు అప్పు, కిస్తీ నెలకోసారి. అయితే ముందు ఆరు నెలలైనా పొదుపు చేయాలి. రేపు తెల్లారేసరికి మార్కెట్లో సరుకెత్తాల్సిన మనిషికి అది అందదు. ఫైనాన్స్ వాళ్ల బలమంతా ఆ తొందరే. వీలున్న ఆడవాళ్లు బండి పెట్టకముందే సంఘంలో చేరాలని నా గట్టి అభిప్రాయం.