బెంగళూరు బస్సులో వచ్చిన సుమీత్: 38 ఏళ్ల వాడకం తర్వాత

1987లో నా పెళ్లికి నెల ముందు మా నాయన పనిగట్టుకుని బెంగళూరు పోయి సుమీత్ మిక్సీ కొన్నాడు. అనంతపురంలో దిగేదాకా ఆ అట్టపెట్టెను ఒళ్లోనుంచి దించలేదట. ఆ మిక్సీ ఇప్పటికీ పాతూరులోని మా ఇంట్లో పొయ్యి పక్కనే ఉంది. తెల్లరంగు పసుపుకు తిరిగింది. నాబ్ మీద అంకెలు చెరిగిపోయాయి, ఎటు తిప్పితే ఎంత స్పీడో నా చేతికే తెలుసు.

మా అత్తమ్మ మొదటి ఆరు నెలలు దాన్ని ముట్టుకోలేదు. "రోట్లో రుబ్బిన రుచి దీనికి యాడ వస్తాదమ్మీ" అనేది. శెనక్కాయల ఊరుబిండి విషయంలో నేను ఇప్పటికీ ఆమె పక్షమే. వేయించిన శెనక్కాయలను ఏ మిక్సీలోనైనా గిర్రున తిప్పేస్తే వేడెక్కి, నూనె వదిలి, జిగట ముద్ద అవుతాయి. ఊరుబిండి పంటికి పలుకు తగలాలి. ఆ కిటుకు పట్టుబడడానికి నాకు ఏడాది పట్టింది. ముందు ఎండుమిరపకాయలు, చింతపండు, ఉప్పు మెత్తగా చేసుకోవాలి. శెనక్కాయలు తర్వాత వేసి, ఇట్లా తిప్పి అట్లా వదలాలి, ఐదారు సార్లు. ఎర్రగడ్డ వేశాక ఒక్క తిప్పే. రెండో తిప్పు తిప్పారంటే నీళ్లూరి పాడవుతుంది.

అత్తమ్మ మనసు మార్చింది మాత్రం ఓళిగలు. ఒక ఉగాదికి చుట్టాలందరూ దిగారు. ఉడికించిన శెనగబ్యాళ్లు, బెల్లం రెండు కిలోల పైనే. రోటి దగ్గర కూర్చుంటే మధ్యాహ్నం దాకా తెమలదు. పిడికిడు పిడికిడుగా జార్‌లో వేస్తూ అరగంటలో పూర్ణం ముగించాను. మోటారు వెచ్చబడింది, మధ్యలో రెండుసార్లు ఆపాను, అంతే. ఆమె ఏమీ అనలేదు. మరుసటి రోజు ఇడ్లీ కారప్పొడికి మిరపకాయలు తెచ్చి మిక్సీ పక్కన పెట్టి పోయింది.

అసలు సుమీత్ పుట్టిందే ఇలాంటి పని కోసం. సత్యప్రకాశ్ మాథుర్ సీమెన్స్‌లో ఇంజినీరు. ఇంట్లో ఆయన భార్య మాధురి జర్మనీ బ్రౌన్ మిక్సర్ వాడేది. పండ్లరసం, సూపు లాంటి మెత్తని పనులకు చేసిన మోటారుతో మన పప్పులూ మసాలాలూ రుబ్బితే ఏమవుతుంది? కాలిపోయింది. బాగుచేసే దిక్కు లేదు. అప్పుడాయన మన వంటింటి బరువు మోయగలిగే మోటారు తానే తయారుచేయాలని పూనుకున్నాడు. 1963లో మిత్రులతో కలిసి పవర్ కంట్రోల్ అండ్ అప్లయన్సెస్ అనే కంపెనీ పెట్టాడు. 500, 600 వాట్ల మోటారు అలా వచ్చింది. సుమీత్ అంటే మంచి మిత్రుడట. ఆయనకు పేరొచ్చింది సరే, ఆ మిక్సర్ కాలేదాకా రుబ్బిన మాధురిగారికి కూడా అందులో సగం వాటా ఉందని నా లెక్క.

మా ఆడబిడ్డ 1990లలో అమెరికా పోయినప్పుడు, అక్కడి కరెంటుకు సరిపోయే 110 వోల్టుల సుమీత్ అక్కడే దొరికిందని ఉత్తరం రాసింది. ఉత్తరంలో సగం ఆ సంగతే.

మెయింటెనెన్స్ సంగతికొస్తే, ఇన్నేళ్లలో కార్బన్ బ్రష్‌లు నాలుగుసార్లు మార్పించాను. చిన్న నల్లటి దిమ్మెలవి, తిరిగే భాగానికి ఆనుకుని కరెంటు అందిస్తాయి కాబట్టి అరగక తప్పదు. లోపల నిప్పురవ్వలు ఎక్కువైనా, మాడు వాసన వచ్చినా ఆపేసి చూపించుకోవాలి. బ్లేడు సానకు ఇస్తాను. జార్ మూత నేనే కింద పడేసి పగలగొట్టాను, వేరే మూత సరిగా కూర్చోదు, అరచేత్తో అదిమి పట్టుకోవాల్సిందే. ఎండాకాలం సాయంత్రాలు వోల్టేజి పడిపోతే మోటారు మూలుగుతుంది. అప్పుడు మొండికి పోకుండా ఆపేస్తాను. దీని ఆయుష్షులో సగం ఆ భయమే అనుకుంటా. ఇడ్లీ పిండి మాత్రం ఇందులో వేయను, దానికి గ్రైండరే.

2009లో పాప ముచ్చటపడి కొత్త మిక్సీ తెచ్చింది. పేరెందుకులెండి. 750 వాట్లని పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాసుంది. రెండో ఏడు, బొరుగులతో చేసే ఉగ్గానికి పప్పులపొడి పడుతుంటే పొగొచ్చింది. వైండింగ్ పోయిందన్నారు. పాతూరు రిపేరు షాపాయన రెండింటినీ విప్పి పక్కపక్కన పెట్టి చూపించాడు. పాతదాంట్లో రాగి తీగ లావు, చుట్లు బిగుతు. "ఎక్స్ఛేంజ్‌కు ఇస్తారా అక్కా, నాకే కావాలి" అని అడిగాడు. నవ్వి తెచ్చేసుకున్నాను.

ఈ వారం మళ్లీ జార్ పట్టు తప్పి కటకట మంటోంది. జార్‌ను మోటారుకు కలిపే కప్లర్ పళ్లు అరిగినట్టున్నాయి. ఆదివారం ఆయన దగ్గరికే పోవాలి, మళ్లీ అదే అడుగుతాడు.