ఎడమ కన్ను పెత్తనం, కుడి చేతి గురి: ఆరేళ్లు రెడ్ డాట్ వాడాక

రెడ్ డాట్, అంటే గురికి ఎర్రచుక్క చూపించే చిన్న పరికరం, బిగించిన రైఫిల్‌ని మొదటిసారి భుజానికి ఆనించి, రెండు కళ్లూ తెరిచి చూస్తే డాట్ కనిపించలేదు. బ్యాటరీ అయిపోయిందేమో అనుకున్నాను. ఎడమ కన్ను మూశాను, ఎర్రచుక్క ఠక్కున వెలిగింది. తెరిచాను, రెండు క్షణాలు మిణుకుమిణుకుమని మాయమైంది. వస్తువు పాడైందని తేల్చేసి ఇంకొకటి కొన్నాను. దాంతోనూ అదే తంతు. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టయింది నా పని. డాట్‌కి ఏ రోగమూ లేదు. నా రెండు కళ్లలో ఎవరు పెద్ద అన్న తగాదా అది.

నాది కుడిచేతి వాటం. పెత్తనం మాత్రం ఎడమ కన్నుది, అంటే మెదడు ఎక్కువగా దాని చూపునే నమ్ముతుంది. విచిత్రమేమిటంటే నా ఎడమ కంటికే అద్దాల పవర్ ఎక్కువ. బాగా కనిపించే కన్నే డామినెంట్ కన్ను అవ్వాలని రూలేమీ లేదు. అంతకుముందు రెండేళ్లు ఐరన్ సైట్లతో, అంటే తుపాకి మీదుండే మామూలు లోహపు గురి గుర్తులతో, ఎడమ కన్ను మూసుకునే కాల్చాను కాబట్టి ఈ సంగతి బయటపడలేదు. మీది తెలుసుకోవాలంటే రెండు చేతులూ ముందుకు చాచి, వేళ్లూ బొటనవేళ్లూ ఒకదాని మీద ఒకటి వేసి మధ్యలో చిన్న కంత వదలండి. ఆ కంతలోంచి గోడ గడియారాన్ని రెండు కళ్లతో చూడండి. చేతులు కదపకుండా ఒక్కో కన్నూ మూయండి. ఏ కన్ను మూసినప్పుడు గడియారం మాయమవుతుందో అదే పెద్ద కన్ను. దీన్ని మైల్స్ పరీక్ష అంటారు. ఒకసారి చేసి ఊరుకోకుండా నాలుగైదుసార్లు చేయండి. సుమారు మూడింట రెండు వంతుల మందికి కుడి కన్నే పెద్దది. కుడిచేతి వాటం ఉన్న వాళ్లలోనూ నాలాంటి వాళ్లు తక్కువేం కాదు.

డాట్ ఎందుకు మాయమవుతుందో అర్థం కావాలంటే అది పనిచేసే తీరు కొంచెం తెలియాలి. లోపల చిన్న ఎల్‌ఈడీ ఉంటుంది. దాని వెలుతురు పూత పూసిన వంపు అద్దానికి తగిలి, సమాంతర కిరణాలుగా మన కంటి వైపు తిరిగొస్తుంది. అందుకే చుక్క అద్దం మీద కాకుండా ఎక్కడో దూరాన, టార్గెట్ దగ్గరే ఉన్నట్టుంటుంది. ఆ కిరణాల కట్ట వెడల్పు అద్దమంతే, అంటే నా దాంట్లో రెండు సెంటీమీటర్ల చిల్లర. కళ్ల మధ్య ఎడం ఆరు సెంటీమీటర్ల పైమాటే. కాబట్టి చుక్క ఎప్పుడూ ఒక్క కంటికే అందుతుంది. రెండో కన్ను టార్గెట్‌నీ చుట్టుపక్కలనీ చూస్తుంది. రెండు బొమ్మల్నీ మెదడు కలిపేస్తుంది. చుక్క అందిన కన్నే పెద్దదైతే పేచీ లేదు. రైఫిల్‌కి చెంప ఆనించాక నా డాట్ కుడి కన్ను ముందు కూర్చుంటుంది. మెదడేమో ఎడమ కన్ను మాటే వింటుంది. చుక్క సంగతి దానికి పట్టలేదు.

రేంజ్‌లో కోచ్‌కి చెబితే ఆయన ఒకటే మాటన్నారు: "డాట్‌ని వెతక్కు. టార్గెట్‌నే చూడు, చుక్క అదే వచ్చి కూర్చుంటుంది." వినడానికి తేలికే, చేయడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఐరన్ సైట్ అలవాటున్న కన్ను ముందు సైట్ మీదికే పోతుంది. డాట్ ఉన్న అద్దం మీద చూపు నిలిపితే దూరాన టార్గెట్ రెండుగా చీలిపోతుంది. టార్గెట్ మీద నిలిపితే ఎదురుగా ఉన్న డాట్ ఫ్రేమే రెండు నీడల్లా పలచబడి, వాటిలో ఒక నీడలో ఎర్రచుక్క తేలుతుంటుంది. మీ బొటనవేలు ముఖం ముందు పెట్టుకుని దూరాన ఉన్న తలుపుని చూస్తే వేలు రెండుగా కనిపిస్తుంది కదా, అదే ఇది. ఆ రెండో నీడని చూసి కంగారు పడటం మానేసిన రోజు నుంచే నా గ్రూపులు, అంటే టార్గెట్ మీద గుళ్లు పడ్డ గుంపులు, చిన్నవయ్యాయి.

అసలు సాయం చేసింది మాత్రం అతుకుడు టేపు. కళ్లద్దాల ఎడమ గాజు మీద, గురి పెట్టినప్పుడు కంటిపాప ఎదురుగా వచ్చే చోట, మసకగా ఉండే టేపు ముక్క అంటించాను. అద్దం ముందు నిలబడి కాదు, ఖాళీ రైఫిల్‌ని భుజానికెత్తుకునే ఆ చోటు గుర్తు పెట్టుకోవాలి. లేకపోతే టేపు ఒక చోట, చూపు ఒక చోట. మొదట రూపాయి బిళ్లంత ముక్క పెట్టాను. ఆరు నెలల్లో చిటికెన వేలి గోరంతకి దిగింది. కన్ను తెరిచే ఉంటుంది, వెలుతురూ వస్తుంది, పక్క చూపూ పోదు, కానీ గురి దగ్గర మాత్రం కుడి కన్నుతో పోటీకి రాదు. నల్లటి అడ్డు పెట్టి చూశాను, నచ్చలేదు. ఒక కన్ను చీకట్లో ఉంటే రెండో కంటి పాప కూడా కాస్త పెద్దదవుతుంది, చుక్క చెదిరినట్టు కనిపిస్తుంది. ఒక కన్ను బిగించి మూసినా అంతే, పైగా పావుగంటకే చెంప కండరాలు లాగేస్తాయి. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య ఐఎస్‌ఎస్‌ఎఫ్ పోటీల్లో గురి పెట్టని కంటికి అడ్డు పెట్టుకోనిస్తారు, వెడల్పు 30 మిల్లీమీటర్లు దాటకూడదంతే. కాబట్టి టేపు పెట్టుకోవడం నామోషీ ఏమీ కాదు.

పిస్టల్ కథ వేరు. దానికి చెంప ఆనించే పని లేదు కాబట్టి కుడి చేత్తోనే పట్టుకుని, ఎడమ కన్ను ముందుకి నాలుగు వేళ్లు జరిపాను. తల వంచలేదు, గడ్డం కొద్దిగా కుడికి తిప్పానంతే. వారంలో కుదిరిపోయింది. నాలాంటి వాళ్లు రెడ్ డాట్‌ని పిస్టల్‌తో మొదలుపెడితే సగం టెన్షన్ ఉండదు.

ఒక ప్రయోగం మాత్రం తప్పకుండా చెప్పాలి. 1970 ప్రాంతంలో ముందు భాగం పూర్తిగా మూసి ఉండే సైట్లు ఉండేవి. వాటిలోంచి టార్గెట్ కనిపించదు. ఒక కన్ను చుక్కనీ, రెండో కన్ను టార్గెట్‌నీ చూస్తే మెదడు జోడించేది. ఇప్పటి రెడ్ డాట్లకి దారి వేసిన ఏమ్‌పాయింట్ అనే సైటు 1975లో వచ్చింది, దాంట్లోంచి సూటిగా చూడచ్చు. సాధన కోసం నేను నా డాట్ ముందు మూత వేసి, కళ్లద్దాల టేపు తీసేసి, 25 మీటర్లలో కాల్చాను. గ్రూప్ చక్కగానే వచ్చింది, కానీ మొత్తం నాలుగు వేళ్ల వెడల్పు ఎడమకి జరిగింది. రెండు కళ్లకీ ఉమ్మడిగా చూడటానికి ఒకే వస్తువు లేకపోతే అవి తమ విశ్రాంతి కోణానికి కాస్త పక్కకి జారుతాయి. ఎంత జారుతాయన్నది మనిషిని బట్టి. చూపు టార్గెట్ మీద నిలపడానికి ఈ మూత సాధన భలే పనిచేస్తుంది. దీంతో జీరో మాత్రం, అంటే చుక్కని గుండు పడే చోటుకి కుదర్చడం, చేయకండి.

చుక్క సైజు గురించి. దాన్ని ఎంఓఏల్లో చెబుతారు, ఒక ఎంఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు కోణం. 2 ఎంఓఏ చుక్క 100 మీటర్ల దగ్గర దాదాపు 6 సెంటీమీటర్లు కప్పుతుంది. 6 ఎంఓఏది 25 మీటర్లలో నాలుగున్నర సెంటీమీటర్ల దాకా. నేను మొదట 2 కొన్నాను, సన్నగా ఉంటే గురి బాగా కుదురుతుందని. పెత్తనం లేని కన్నుతో చూసేవాడికి అంత సన్నది కష్టం, చటుక్కున మాయమైపోతుంది. పిస్టల్‌కి 6 తీసుకున్నాక హాయిగా ఉంది. వెలుతురు కూడా అంతే. ఎండలో ఒక మెట్టు పెంచితే కుడి కన్ను గెలుస్తుంది, రెండు మెట్లు పెంచితే చుక్క ఉబ్బి టార్గెట్‌ని మింగేస్తుంది.

చుక్క గుండ్రంగా కాకుండా కామాలా, ద్రాక్ష గుత్తిలా కనిపిస్తే వెంటనే దుకాణంతో గొడవకి దిగకండి. డాట్‌ని మెల్లగా తిప్పి చూడండి. ఆకారం దాంతో పాటు తిరగకుండా అలాగే ఉంటే లోపం కంటిది, చాలాసార్లు ఆస్టిగ్మాటిజం, అంటే కంటి వంపు అన్ని వైపులా ఒకేలా లేకపోవడం. ఫోన్ కెమెరాతో ఫొటో తీస్తే గుండ్రంగా వస్తే కూడా అదే అర్థం. నేను మొదటి డాట్‌ని తిట్టుకున్న తిట్లలో సగం దీనివే.

నిజమైన ఫిర్యాదులు రెండు. అందరూ "పారలాక్స్ లేదు" అని రాస్తారు, అంటే కన్ను పక్కకి జరిగినా చుక్క టార్గెట్ మీంచి కదలదని. దగ్గర దూరాల్లో ఉంటుంది, చుక్కని అద్దం అంచుకి నెట్టి చూస్తే తెలుస్తుంది. రెండోది, పైన తెరిచి ఉండే రకంలో ఎల్‌ఈడీ మీద ఒక్క వాన చుక్క పడినా బొమ్మ చెల్లాచెదురు. గొట్టం రకానికి ఆ బాధ లేదు. సీఆర్2032 బ్యాటరీ ఏడాదికోసారి అయిపోకముందే మార్చేస్తాను, కాబట్టి ఆ గోల లేదు.

ఆరేళ్ల తర్వాత కూడా ఎడమ కన్ను పూర్తిగా లొంగలేదు. గంటన్నర సాధన దాటాక, ముఖ్యంగా నిద్ర తక్కువైన రోజు, టేపు ఉన్నా సరే చుక్క మెల్లగా మసకబారడం మొదలవుతుంది. వెలుతురు పెంచి నెట్టుకొచ్చేవాణ్ణి ఒకప్పుడు. ఇప్పుడు మాగజీన్ తీసి, చాంబర్ ఖాళీ చూసుకుని, పది నిమిషాలు దూరంగా చెట్ల వైపు చూస్తూ కూర్చుంటాను.